గుర్రప్పందాల కథ - ఇల్లాలి లెక్క

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇవాళ నేను గుర్రప్పందాల గురించి మాట్లాడబోతున్నాను. "ఇదేం చోద్యం! పచ్చళ్లూ, పిల్లల చదువులూ వదిలేసి ఈవిడ గుర్రాల మీద పడిందేమిటి" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, పరవాలేదు. కాని కాస్త ఓపిక పట్టి చివరిదాకా రండి నాతో. ఇది గుర్రాల కథే అయినా, అందులో పరుగెత్తేది మన ఇంటి డబ్బు.

మా సూర్యాపేటలో గాని, కోదాడలో గాని పట్నం బస్సెక్కితే విజయవాడ రోడ్డు మీదుగా పోతాం. మిర్యాలగూడ బస్సు నల్లగొండ మీదుగా వచ్చి నార్కట్‌పల్లి దగ్గర ఆ రోడ్డులోనే కలుస్తుంది. ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటిన తరువాత, ఆఖరి స్టేజీ ఇంకా రాకముందే మలక్‌పేట వస్తుంది. హైదరాబాదు రేసుకోర్సు ఉన్నది అక్కడే. అంటే మన మూడు ఊళ్ల నుంచీ పట్నం పోయే మగవాళ్లకు చార్మినారు కంటే ముందు ఎదురయ్యేది గుర్రాల మైదానం!

మిర్యాలగూడలో మా మేనమామ ధాన్యం వ్యాపారం చేసేవాడు. నా చిన్నతనంలో ఆయన మిల్లు సామాను కోసమని పట్నం వెళ్లేవాడు. తెల్లవారుజామున బస్సెక్కి మలక్‌పేటలో దిగేవాడని మాకు చాలా ఏళ్ల తరువాత గాని తెలియలేదు. ఒకసారి ఏదో పందెంలో బాగా డబ్బొచ్చి, అత్తమ్మకు పట్టుచీరె, మా అందరికీ మిఠాయి తెచ్చాడు. ఆ చీరె సంగతి పదేళ్లపాటు చెప్పుకున్నాం. ఆయన ఉత్త చేతులతో వచ్చిన రోజుల సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. "ఈ జాక్‌పాట్ అంటే ఏమిటండీ?" అని అత్తమ్మ ఒకనాడు అడిగితే, "నీకు అర్థం కాదులే" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. సాగరు కాలువ కింద ఉన్న రెండెకరాల కాగితాల మీద సంతకం పెట్టమన్నప్పుడు కూడా అడగలేదు.

"నీకు అర్థం కాదు" అన్న ఆ మాట నాలో ఉండిపోయింది. పెద్దయ్యాక కూర్చొని తెలుసుకుంటే, అందులో అర్థం కానిదేమీ లేదు. చీటీల లెక్క తెలిసిన ఏ ఆడదానికైనా గంటలో అర్థమవుతుంది. అదే ఇవాళ మీకు చెప్తాను.

అసలు మన పురాణాల్లో గుర్రం మీద పందెం వేసుకున్నది ఎవరో గుర్తుందా? మగవాళ్లు కారు, ఇద్దరాడవాళ్లు. నన్నయగారి ఆదిపర్వంలో ఉంది కథ. కద్రువ, వినత - ఇద్దరూ కశ్యపుని భార్యలు. పాలసముద్రంలో పుట్టిన ఉచ్చైశ్రవం అనే గుర్రాన్ని చూసి, "ఎంత తెల్లగా ఉందో" అంది వినత. "తోక నల్లగా ఉంది చూడు" అంది కద్రువ. మాటకు మాట పెరిగి, ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు దాసి కావాలని పందెం కాసుకున్నారు. పొద్దు పోయింది, రేపు చూద్దామనుకున్నారు. రాత్రికి రాత్రి కద్రువ తన కొడుకులైన పాములను పిలిచి, పోయి గుర్రం తోకను నల్లగా చేయమంది. కుదరదన్నవాళ్లను శపించింది. కర్కోటకుడు ఒప్పుకొని తోకను పట్టుకొని వేళ్లాడాడు. తెల్లవారి చూస్తే తోక నల్లగానే ఉంది. వినత దాసి అయింది. గరుత్మంతుడు పెరిగి పెద్దవాడై అమృతం తెచ్చి ఇచ్చేదాకా ఆ తల్లికి విముక్తి లేదు.

ఈ కథలో పందేనికి కావలసినవన్నీ ఉన్నాయి చూశారా! పంతం, పణం, మోసం, చివరికి బిడ్డలు తీర్చే అప్పు.

పురాణం దాకా ఎందుకు, మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే అవతల పల్నాడు. పన్నెండో శతాబ్దంలో గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు కోడిపందెం వేసుకున్నారని, ఓడిన మాచర్లవారు ఏడేళ్లు ఊరు విడిచి వెళ్లారని వీరగాథ చెబుతుంది. ఆ కథ కారెంపూడి యుద్ధభూమిలో ముగిసింది. అక్కడ ఆడింది పుంజులు, పోయింది మనుషులు.

ఇక్కడొక తేడా గమనించాలి. శివరాత్రికి కోదాడ దగ్గర మేళ్లచెరువు జాతరలో ఎడ్ల పందేలు జరుగుతాయి కదా. గెలిచిన జతకు బహుమతి ఇస్తారు. అది పోటీ. ఎద్దును పెంచిన రైతుకు అది గౌరవం. పక్కన నిలబడి, తనవి కాని ఎడ్ల మీద డబ్బు కాసేవాడున్నాడే, అక్కడ మొదలవుతుంది జూదం. గుర్రాల దగ్గరా అంతే.

ఇంగ్లండులో మొదట ఇద్దరు జమీందార్లు తమ తమ గుర్రాలను తెచ్చి, నీదా నాదా అని పరుగెత్తించేవారు. పందెం ఆ ఇద్దరి మధ్యనే ఉండేది. 1780లో డెర్బీ అనే పెద్ద పందెం మొదలైంది. డెర్బీ ప్రభువు పేరే దానికి పెట్టారు. మన హైదరాబాదు డెక్కన్ డెర్బీకి కూడా ఆ మాట అక్కడినుంచి వచ్చిందే. ఇద్దరికి బదులు పది పన్నెండు గుర్రాలు పరుగెత్తడం మొదలయ్యాక, చూసేవాళ్లు కూడా డబ్బు కాయాలన్నారు. మరి ఎవరితో కాయాలి? అప్పుడు పుట్టాడు బుకీ. 1790లలో న్యూమార్కెట్ మైదానంలో ఒక్కో గుర్రానికి ఒక్కో ధర చెప్పి, అందరి దగ్గరా పందేలు రాసుకునేవాళ్లు తయారయ్యారు. పుస్తకంలో రాసుకుంటాడు కనుక బుకీ.

బుకీ లెక్క చాలా తేలిక. "ఐదుకొకటి" అన్నాడనుకోండి, మీరు పది రూపాయలు కాసి గెలిస్తే యాభై ఇచ్చి, మీ పదీ తిరిగి ఇస్తాడు. అతనికి లాభమెక్కడ అంటారా? నాలుగు గుర్రాలున్నాయనుకుందాం, నాలుగూ సమానమే. నలుగురు వదినామరదళ్లు తలా పది రూపాయలు తలా ఒక గుర్రం మీద కాశారు. బుకీ చేతికి నలభై వచ్చాయి. న్యాయంగా అయితే గెలిచినామెకు నలభై ఇవ్వాలి. కాని అతను చెప్పిన ధర రెండుకొకటి. ఇరవై, ఆమె పదీ కలిపి ముప్పై ఇస్తాడు. మిగిలిన పదీ అతని జేబులోకి. ఏ గుర్రం గెలిచినా అతనికొకటే. అందుకే బుకీ గుర్రాల కేసి చూడడు, కాసేవాళ్ల కేసి చూస్తాడు.

ఇక మన హైదరాబాదు సంగతి. సికిందరాబాదు కంటోన్మెంటులో తెల్లదొరల సైన్యం ఉండేది. గుర్రాలూ, తీరికా వాళ్లకు కావలసినంత. 1868లో మౌలాలి దగ్గర పందేలు మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, వాటిని మలక్‌పేటకు తెచ్చారు. అక్కడ ఆయన మహలు కూడా ఉండేది. 1911లో ఆయన పోయాక పందేలు మళ్లీ సికిందరాబాదు పరేడు మైదానానికి వెళ్లాయి. స్వాతంత్ర్యం వచ్చి, నిజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1968లో తిరిగి మలక్‌పేటకు చేరాయి. వానాకాలం ఒక సీజను, చలికాలం ఒక సీజను. మరి ఎండాకాలం సెలవా అంటే, కాదు. బొంబాయిలోనో, బెంగుళూరులోనో పరుగెత్తే గుర్రాల మీద ఇక్కడ కూర్చొని కాయవచ్చు. నవాబుల వేడుకగా మొదలైనది మెల్లమెల్లగా గుమాస్తాకు, ధాన్యం వ్యాపారికి, ఆటో నడిపే మనిషికి దగ్గరయింది. ఎలా అంటే, చిన్న టిక్కెట్టు వల్ల.

ఆ చిన్న టిక్కెట్టు కథ పారిస్‌లో మొదలైంది. 1860లలో జోసెఫ్ ఒలేర్ అనే ఆయన కొత్త పద్ధతి కనిపెట్టాడు. బుకీతో పని లేదు. కాసేవాళ్ల డబ్బంతా ఒక కుండలో వేయడం, నిర్వాహకుల వాటా తీసేయడం, మిగిలింది గెలిచినవాళ్లకు పంచడం. దీన్ని లెక్కకట్టడానికి జార్జి జూలియస్ అనే ఇంజనీరు యంత్రం చేశాడు. తమాషా ఏమిటంటే, ఆయన మొదట చేయాలనుకున్నది ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టే యంత్రమట! అది ఎవరికీ అక్కర్లేకపోతే రేసులకు మార్చాడు. 1913లో న్యూజీలండులోని ఆక్లండులో మొట్టమొదట పెట్టారు. అదే టోటలైజేటరు. మనవాళ్లు టోటు అంటారు.

టోటు అంటే చీటీ లాంటిదే, కాకపోతే చీటీలో అందరి వంతూ వస్తుంది, ఇందులో రాదు. నూరుమంది తలా పది రూపాయలు వేశారనుకోండి, వెయ్యి. అందులోంచి మొట్టమొదట పన్నూ, క్లబ్బు వాటా పోతాయి. లెక్క తేలిక కోసం నూటికి పాతిక అనుకుందాం. మిగిలింది ఏడువందల యాభై. గెలిచిన గుర్రం మీద యాభైమంది కాసి ఉంటే తలా పదిహేను వస్తాయి. ఐదుగురే కాసి ఉంటే తలా నూటయాభై. అంటే అందరూ మెచ్చిన గుర్రం గెలిస్తే మీకొచ్చేది చిల్లర, ఎవరూ మెచ్చనిది గెలిస్తే పెద్ద మొత్తం. కాని ఎవరూ మెచ్చనిది గెలవడం ఎంత అరుదో మీకే తెలుసు.

ఇప్పుడు పందేల పేర్లు చెప్తాను. వీటిని చూసే మనం బెదిరిపోతాం. ఒక్కొక్కటే విడదీద్దాం. పది గుర్రాలు పరుగెత్తుతున్నాయనీ, అన్నీ సమానమనీ అనుకుందాం.

విన్. మీరు చెప్పిన గుర్రం మొదట రావాలి. పదింట ఒక అవకాశం.

ప్లేస్. మీ గుర్రం మొదటి రెండు మూడు స్థానాల్లో ఎక్కడ వచ్చినా చాలు. ఎన్ని స్థానాలన్నది ఎన్ని గుర్రాలు పరుగెత్తుతున్నాయన్న దాన్నిబట్టి. అవకాశం ఎక్కువ కనుక వచ్చే డబ్బు తక్కువ.

సెకండ్ హార్స్ పూల్. మీ గుర్రం సరిగ్గా రెండోదిగానే రావాలి. మొదట వచ్చినా పోయినట్టే!

క్వినెల్లా. మొదటి రెండూ ఏవో చెప్పాలి, వరుస ఎలా ఉన్నా సరే. పది గుర్రాల్లో ఇలాంటి జతలు 45. ఫోర్‌కాస్ట్ అంటే ఆ రెండింటినీ వరుస తప్పకుండా చెప్పాలి. అప్పుడు 90.

టనాలా. మొదటి మూడు గుర్రాలూ వరుసగా చెప్పాలి. ఇక్కడ లెక్క ఒక్కసారిగా 720కి పోయింది. మన వీధిలో పదిమంది పిల్లలు పరుగెత్తితే మొదటి ముగ్గురి వరుస చెప్పమంటే చెప్పగలమా? రోజూ చూసే పిల్లలే కదా!

ట్రెబుల్. మూడు వేర్వేరు రేసుల్లో గెలిచే గుర్రాలు చెప్పాలి. వెయ్యింట ఒకటి. మా మామ పట్టుచీరె తెచ్చింది దీంతోనే.

ఇక జాక్‌పాట్. వరుసగా ఐదు రేసుల్లో గెలిచే ఐదు గుర్రాలనూ ముందే చెప్పాలి. పదిని ఐదుసార్లు హెచ్చవేయండి. లక్ష! లక్షలో ఒకటి.

గుర్రాలన్నీ సమానం కావు గదా అంటారేమో. నిజమే. కాని చాలా రేసుల్లో మంచి గుర్రం మీద ఎక్కువ బరువు, బలహీనమైన దాని మీద తక్కువ బరువు పెట్టి పరుగెత్తిస్తారు. అన్నింటినీ వీలైనంత దగ్గరికి తెచ్చి, ఏది గెలుస్తుందో చెప్పడం కష్టం చేయడమే ఆ బరువుల ఉద్దేశం. మీరు ఎంత తెలుసుకుంటే వాళ్లు అంత కష్టం చేస్తారన్నమాట.

జాక్‌పాట్‌లో ఇంకొక సంగతుంది. ఒక్కో రేసుకు ఒక్క గుర్రమే చెప్పడం కష్టం కనుక, ఒక్కోదానికి మూడేసి రాస్తారు. చూడడానికి ఒకే చీటీ. కాని మూడును ఐదుసార్లు హెచ్చవేస్తే 243. అది ఒక టిక్కెట్టు కాదు, 243 టిక్కెట్లు. టిక్కెట్టు పది రూపాయలైతే 2,430 రూపాయలు. "ఎంత, పది రూపాయల టిక్కెట్టే కదా" అనేవాడు మామ. అబద్ధం చెప్పలేదు పాపం, ఎన్ని టిక్కెట్లో చెప్పలేదు, అంతే. పైగా నాలుగు గుర్రాలు సరిపోయి ఐదోది తప్పినవాళ్లకు ఓదార్పుగా కొంచెం డబ్బిస్తారు. ఎవరూ గెలవకపోతే మిగిలింది మరోనాటి కుండలో కలుపుతారు. తప్పింది ఒక్కటే గదా, ఈసారి కుండ ఇంకా పెద్దది గదా అన్న ఆశతో మనిషి మళ్లీ బస్సెక్కుతాడు.

చరిత్రంతా ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ఇద్దరి మధ్య పందెం, ఆ తరువాత బుకీ, ఆ తరువాత టోటు, ఆ తరువాత ట్రెబుల్, టనాలా, జాక్‌పాట్. కొత్తగా వచ్చిన ప్రతి పందెమూ పాతదానికంటే తక్కువ డబ్బుతో ఎక్కువ ఆశ పెట్టింది, గెలిచే అవకాశం మాత్రం తగ్గిస్తూ పోయింది. మొదట తీసే వాటా మాత్రం ఎప్పుడూ మొదటే తీశారు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం జూదాన్ని నిషేధించింది గాని, గుర్రప్పందాలకు ఒక మినహాయింపు ఇచ్చింది. పందెం జరిగే రోజున, క్లబ్బు ఏర్పాటు చేసిన ఆవరణలో, లైసెన్సు ఉన్న బుకీతో గాని టోటులో గాని కాస్తేనే అది చెల్లుతుంది. అంటే మన ఊరి పాన్‌డబ్బా పక్కన, హోటలు వెనక గదిలో రాయించుకునే పందేలు నేరమే. అక్కడ గెలిచినా ఇస్తారన్న నమ్మకం లేదు, అడగడానికి దిక్కూ లేదు. 1974లోనే తమిళనాడులో గుర్రప్పందాలను పూర్తిగా మూసేయాలని చట్టం చేశారు. అది కోర్టులకెక్కి, 1996లో సుప్రీంకోర్టు దాకా పోయింది. గుర్రం జాతి, తీరు, జాకీ నేర్పు తెలిసి చేసే ఆట కనుక ఇది ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డదే తప్ప ఉత్త అదృష్టం కాదని కోర్టు తీర్పు చెప్పింది.

కోర్టు మాట కాదనడానికి నేనెవరిని? కాని సోదరీమణులారా, నైపుణ్యం ఉన్నవాడు ఇంకొక నైపుణ్యం ఉన్నవాడి డబ్బే గెలవాలి గదా. కుండలోంచి ముందే వాటా పోయాక, అందరూ కలిసి తెచ్చుకునేది ఎప్పుడూ అందరూ కలిసి వేసినదానికంటే తక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి గుర్రప్పందాల మీద జి.ఎస్.టి. 40 శాతం చేశారు. నేను ఇందాక చెప్పిన పాతిక లెక్క ఇప్పుడు తక్కువే అవుతుంది.

ఇప్పటి పిల్లలకు మలక్‌పేటలో దిగే పని కూడా లేదు. బస్సు, మైదానం, గుర్రం అన్నీ చేతిలోని ఫోనులోకి వచ్చేశాయి. 2017లో మన తెలంగాణ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధించింది. 2025లో పార్లమెంటు కూడా దేశమంతటికీ అలాంటి చట్టం చేసింది. చట్టాలున్నా దొంగదారులు ఉంటూనే ఉంటాయి. అక్కడా పేర్లు మారతాయి గాని, కుండ అదే, వాటా అదే, నాలుగు వచ్చి ఐదోది తప్పే ఆశ అదే.

మా మామ సంగతి చెప్పి ముగిస్తాను. రెండెకరాలూ పోయాక, అత్తమ్మ ఒక పని చేసింది. అరవలేదు, అలగలేదు. పాల లెక్క రాసుకునే పుస్తకంలో వెనకవైపు రెండు గీతలు గీసింది. పట్నం పోయేటప్పుడు ఆయన తీసుకుపోయిన డబ్బు ఒకవైపు, తిరిగి తెచ్చిన డబ్బు ఇంకొకవైపు. ఒక ఏడాది పాటు రాసింది. దీపావళి నాడు లక్ష్మీపూజకు ఆయన తన లెక్కల పుస్తకాలు పెట్టుకుంటుంటే, వాటి పక్కన తన పాల పుస్తకమూ పెట్టింది. ఆయన తెరిచి చూశాడు. ఏమీ అనలేదు. పట్నం ప్రయాణాలు వెంటనే ఆగలేదు, తగ్గాయి. ఇంకొక రెండేళ్లకు ఆగాయి. పోయిన భూమి మాత్రం తిరిగి రాలేదు.

"ఆ పుస్తకం ముందే పెట్టి ఉంటే కాలువ కింది పొలం ఉండేదే" అని అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. ఆమె తప్పేముంది? అర్థం కాదంటే నిజమేననుకుంది.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. ఆ దాణా మన వంటింటి డబ్బాలోంచి పోతున్నప్పుడు, ఏ గుర్రానికి పోతోందో అడిగే హక్కు మనకుంది. పోట్లాడమని నేను చెప్పడం లేదు. రేపు మీ ఇంట్లో ఎవరి జేబులోనైనా అలాంటి చీటీ కనబడితే, లేక అబ్బాయి ఫోనులో అలాంటి ఆట కనబడితే, కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. కుండలోంచి ముందు తీసే వాటా ఎంత? ఇది ఎన్నింట ఒక అవకాశం? చూడ్డానికి ఒకటిగా ఉన్న ఈ చీటీ నిజానికి ఎన్ని టిక్కెట్లు? జవాబు వాళ్లకు తెలియకపోతే, పక్కన కూర్చొని మీరే హెచ్చవేసి చూపించండి.

మనకు అర్థం కానిదేమీ లేదందులో. సెలవు.